కెర్నెల్ గడపల మీద ఆనవాలమ్మ పెట్టిన గుర్తులు

వ్యక్తి: కార్యాలయంలో అందరూ ఆనవాలమ్మ అని పిలిచే ఆమె. వయస్సు నలభై ఏడు సంవత్సరాలు. ఈ వ్రాత సమర్పిస్తున్న ఉత్తరాల విభాగపు గుమాస్తాకు ఆమెతో పరిచయం పద్దెనిమిది సంవత్సరాలు. పగలు ఒకే కార్యాలయం, సాయంత్రమైతే ఒకే మేడ. ఆమెది పై వాటా, గుమాస్తాది కింది వాటా.

విషయం: ఆసుపత్రి మంచాల పక్కన ఉండే మన మానిటర్ల కెర్నెల్‌లో ఆమె ఉంచిన ట్రేస్ పాయింట్లను కొత్త విడుదలలో ఉంచడమా, తొలగించడమా అన్నది పాలకవర్గం వారి ఆలోచనలో ఉన్నందున, వాటిని పెట్టిన మనిషి ఎటువంటిదో తెలియజేయవలసిందిగా వచ్చిన ఆదేశం. ఒక పేజీకి మించరాదని ఆదేశంలో ఉన్నది. ఆమె ఒక పేజీలో ఇమిడే మనిషి కాదు గనుక, నిడివి విషయమై ముందుగానే మన్నింపు కోరడమైనది.

ఆనవాలమ్మ ఈ వృత్తిలోకి తిన్నగా వచ్చిన మనిషి కాదు. డిగ్రీ చదువు మధ్యలో ఆగిపోయి, పార్సిల్ కార్యాలయంలో కౌంటరు ఉద్యోగానికి కుదిరింది. పెట్టె అందనివారు ఆ కౌంటరు మీదకి సగం ఒరిగి అరిచేవారు. పక్క కౌంటర్లవారు "తెలియదు, రేపు రండి" అని పంపించేవారు. ఈమె మాత్రం వారిని బల్ల మీద కూర్చోబెట్టి, "ఎక్కడ పోయిందో నాకూ తెలీదు బాబూ. ఆఖరిసారి ఎక్కడ కనపడిందో చెప్తాను. ఆ తర్వాత మజిలీవాళ్ళని పట్టుకుందాం" అనేది. ప్రతి మజిలీలోనూ పెట్టె మీద ఒక ముద్ర పడుతుంది. ముద్ర పడిన ఆఖరి చోటుకూ, పడవలసిన తర్వాతి చోటుకూ నడుమనే వస్తువు ఉంటుంది. పోయినదాన్ని లోకమంతా వెతకనక్కర లేదు, ఆ రెండు ముద్రల సందున వెతికితే చాలునన్న ఇంగితం ఆమెకు అక్కడే అబ్బింది.

ఆ అలవాటు ఇంట్లోకీ పాకింది. గ్యాస్ బండ మార్చిన రోజున దాని మీద సుద్దతో తేదీ వేస్తుంది. మందు సీసాకు, నీటి వడపోత బిళ్ళకు, చివరికి గోడ గడియారం వెనుక కూడా తేదీలే. ఆమె భర్త బస్సు డ్రైవరు, సరసుడు. ఒక సాయంత్రం మెట్ల మీద గుమాస్తాను ఆపి, "పెద్దాయనగారూ, రేపో మాపో నా వీపు మీద కూడా సుద్దతో తేదీ వేసి డ్యూటీకి పంపిస్తుందండీ మా ఆవిడ" అన్నాడు. పైనుంచి ఆమె గొంతు వినిపించింది. "మీకు అక్కర్లేదు లెండి. మీరెక్కడున్నారో ఊరందరికీ మీ హారనే చెప్తుంది!"

సాయంత్రపు కళాశాలలో ఆగిన చదువు పూర్తి చేసి, మన సంస్థలో మానిటర్లను పరీక్షించే బల్ల దగ్గర చేరింది. ఏ యంత్రం మొరాయించినా, ఎవరు ఏ కారణం ఊహించినా, ఆమె నోటి వెంట వచ్చే మొదటి మాట ఒక్కటే: "ఆనవాలు ఏదండీ?" పేరు అలా పడింది. కోపగించుకోలేదు. ఫోనులో కూడా "ఆనవాలమ్మనే మాట్లాడుతున్నా" అనడం గుమాస్తా స్వయంగా విన్నాడు. కొన్నేళ్లకు ఆమెను కెర్నెల్ విభాగానికి మార్చారు.

కెర్నెల్ అనగానేమో ఈ వ్రాయసకాడికి ఆమె చెప్పిన విధాన ఇక్కడ పొందుపరచడమైనది. మానిటర్ లోపల ఒకేసారి అనేక పనులు నడుస్తుంటాయి. ఒకటి గుండె సంకేతాన్ని అందుకుంటుంది, ఒకటి తెర మీద గీత గీస్తుంది, ఒకటి అలారం చూసుకుంటుంది, మరొకటి జరిగినదంతా భద్రపరుస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు ఆగాలో, ఒకసారికి ఒకరే దూరగల ఉమ్మడి గది తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించే పెత్తందారు పేరు కెర్నెల్. పెత్తందారు తన పని తాను చేసుకుపోతాడే గాని సంజాయిషీ ఇవ్వడు. ఆ పెత్తనం సాగే దారిలో ఎంచుకున్న చోట, 'ఫలానా పని ఫలానా క్షణంలో ఇటు వచ్చింది' అని చప్పుడు చేయకుండా మెమరీలో ఒక మూల గుర్తు వేసేలా పెట్టే చిన్న ఏర్పాటే ట్రేస్ పాయింటు. అక్కర లేనప్పుడు అది నిద్రపోతుంది. లేపితే లేస్తుంది.

మన కెర్నెల్‌లో అటువంటివి అప్పటికి ఒక్కటీ లేవు. కారణం కత్తెరాయన.

కత్తెరాయన ఆ విభాగానికి పెద్ద. ఆయన ఒప్పనిదే ఒక్క వరుస కూడా కెర్నెల్‌లోకి చేరదు. ఎవరు ఏమి వ్రాసి తెచ్చినా సగానికి తెగ్గోసి ఇస్తాడు, మిగిలిన సగం మునుపటి కంటే బాగా పనిచేస్తుంది. ఆనవాలమ్మ ఏటా ఒకసారి ట్రేస్ పాయింట్లు పెడదామని అడగడం, ఆయన ఏటా ఒకసారి కాదనడం ఆ హాలులో ఆనవాయితీగా మారింది.

"కెర్నెల్ సత్రం కాదు చెల్లెమ్మా, దారిన పోయే ప్రతి వరుసా వచ్చి దుప్పటి పరుచుకోడానికి."

"నావి పడుకోడానికే వస్తాయి అన్నగారూ. లేపితేనే లేస్తాయి."

"పడుకున్నవాళ్ళకైనా చోటు కావాలిగా? పో, వచ్చే ఏడు రా."

ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. రోగి ప్రాణం కనిపెట్టుకునే యంత్రంలో ప్రతి వరుసా ఒక బాధ్యతే. ఆమెకు ఆ సంగతి తెలుసు. అందుకే అడగడం మానలేదు, అలగడమూ లేదు.

ఇలా ఉండగా ఒక ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు ఫోను చేసింది. ఆ పిలుపును మొదట అందుకున్నది ఉత్తరాల విభాగమే గనుక, ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టుగా:

"గీత ఆగిందండీ. రెప్పపాటే. మళ్ళీ తనంత తనే కదిలింది. పేషెంటు బాగానే ఉన్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు. ఆ రెప్పపాటులో ఆగింది నా గుండె! మీ మానిటర్లన్నీ పక్కన పెట్టించి పాతవి తెప్పించుకున్నాను. ఎందుకు ఆగిందో చెప్పండి, అప్పుడు మళ్ళీ పెట్టుకుంటాను. సారీలు మాత్రం చెప్పకండి."

పరీక్షగదిలో మానిటర్లన్నీ వరుసగా బల్లల మీదికి ఎక్కాయి. గుండె కొట్టుకున్నట్టు నటించే చిన్న పెట్టెలను వాటికి తగిలించారు. ఫ్యాన్ల రొద, నేల మీద నీలం రబ్బరు చాప, వైర్ల చిక్కుల నడుమ అందరూ తెరల మీదే కళ్ళు పెట్టుకు కూర్చున్నారు. గంటల తరబడి ఏమీ కాలేదు. ఎవరో టీ కోసం లేచిన క్షణాన ఒక తెర మీద గీత ఆగి, కదిలింది.

అందరి చూపులూ రంగులాయన మీదికి తిరిగాయి. తెర మీద గీతలూ రంగులూ పడే భాగం వ్రాసినవాడు అతడే. మంచి పనివాడు, తొందరగా బెంబేలు పడే మనిషి.

"తెర ఆగితే తెరవాడిదే తప్పా? రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారాన్ని తిడతారా?" అని గొంతు పెంచాడు.

"ఎవరూ ఏమీ అనలేదుగా తమ్ముడూ," అంది ఆనవాలమ్మ.

"అనకుండా అలా చూస్తున్నారే, అదే అనడం అక్కా."

తన నిర్దోషిత్వం నిరూపించుకోవాలని అతడు తన భాగం నిండా, దాని పక్కనున్న కెర్నెల్ దారుల నిండా 'ఇక్కడికి వచ్చాను', 'ఇది ముగించాను' అని సందేశాలు బయటికి అచ్చువేసే వరుసలు కుక్కాడు. కెర్నెల్‌లోవి తాత్కాలికమని కత్తెరాయన కూడా కళ్ళు మూసుకున్నాడు. ఆ సందేశాలు ఒక సన్నని తీగ గుండా, అక్షరం తర్వాత అక్షరంగా బయటి కంప్యూటరుకు చేరతాయి.

గీత ఆగడం మానేసింది.

ఆ రోజంతా ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. హాలులో చప్పట్లు మోగాయి. యంత్రం మాట్లాడినంతసేపూ ఆరోగ్యంగా ఉంటున్నది గనుక దాన్ని అలా మాట్లాడనిస్తూనే ఆసుపత్రికి పంపుదామన్నారు. ఈ తరహా పొరపాటు ఈ వృత్తివారు మాత్రమే చేయగలరు. దొంగను వెతకడానికి ఎత్తిన దీపం దొంగ వచ్చే వేళను మార్చింది. దొంగే లేడని అందరూ దుప్పటి కప్పుకోబోయారు.

సమావేశంలో ఆనవాలమ్మ ఒక్కతే లేచింది.

"అన్నగారూ, మనం ఏది బాగుచేశాం?"

"గీత ఆగటం లేదుగా?" అన్నాడు కత్తెరాయన.

"ఎందుకు ఆగేది?"

కత్తెరాయన రంగులాయన వైపు చూశాడు.

"ఎందుకు ఆగేదో తెలీకుండా, ఎందుకు ఆగటం లేదో మనకెలా తెలుస్తుంది? ఒక్కొక్క అక్షరం ఆ తీగలోంచి దాటేదాకా లోపల అందరూ కాళ్ళు కట్టేసుకుని నిలబడుతున్నారు. నడకే మారిపోయింది. రేపెవడో వచ్చి ఈ సొద ఎందుకని తీసేస్తాడు. గీత మళ్ళీ ఆగుతుంది. ఈసారి మంచం మీద ఎవరుంటారో!"

రంగులాయన రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నా మెడ మీది కత్తి ఇప్పుడే దిగింది. నీకు పుణ్యముంటుంది, మళ్ళీ పెట్టించకు."

"దిగలేదు నాయనా. నువ్వు కళ్ళు మూసుకున్నావు, అంతే."

కత్తెరాయన తలాడించాడు. "సరే. ఆ సందేశాలు తీసెయ్యి. నీ ట్రేస్ పాయింట్లు పెట్టుకో. పరీక్షగదిలో మాత్రమే. దొంగ దొరికితే ఒక్కటి మిగలకూడదు. దొరక్కపోయినా ఒక్కటి మిగలకూడదు."

"రెండు విధాలా తీసేస్తానంటారు."

"కత్తెరకి రెండు వైపులా పదునమ్మా."

ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న అనుమతి ఆ విధంగా, ముందే ఉరి ఖాయం చేసిన ఖైదీకి పెట్టే భోజనంలా లభించింది. ఆమె దానినే కళ్ళకద్దుకుని పనిలోకి దిగింది. పాలకవర్గం వారు గమనించవలసినది ఇదే: ఆనాటి నుంచి ఆమెకు పణంగా ఉన్నది ఆ గుర్తుల ఉనికి. అవి నిలవాలి. నిలవకపోతే, ఇంకెప్పుడైనా ఏ మంచం పక్కనో గీత ఆగినప్పుడు, పెద్ద నర్సు అడిగే ప్రశ్నకు ఈ సంస్థ మళ్ళీ తెల్లముఖమే వేయాలి.

సందేశాలు తీయగానే గీత మళ్ళీ ఆగింది. ఆమె సంతోషించింది. దోషం తిరిగి వచ్చిందని సంతోషించిన మనిషిని ఆ హాలు అంతకు మునుపు చూసి ఉండదు. గుర్తులన్నిటినీ మెమరీ నుంచి బయటికి తీసి చదివింది. సంకేతం అందుకునే పని చకచకా ముగిసింది. గీత గీసే పని చకచకా ముగిసింది. భద్రపరిచే పనీ అంతే. ఎక్కడా జాప్యమన్న మాటే లేదు.

గీత ఆగింది. ఎవరూ ఆలస్యం చేయలేదు.

హాలుకు నవ్వుకోవడానికి సరుకు దొరికింది. "ఆనవాలమ్మకి ఆనవాలు దొరకలేదట" అని ఒకరు, "దెయ్యాలకి ముద్రలు పడవమ్మా" అని ఒకరు. కత్తెరాయన నవ్వలేదు. ఆమె బల్ల పక్కగా వెళ్తూ, "ఇంకొక్క రోజు చూస్తాను చెల్లెమ్మా. ఎల్లుండి కత్తెర తెస్తాను" అన్నాడు మెల్లగా. ఆ మెల్లని మాటే ఆమెకు నవ్వుల కంటే బరువుగా తగిలింది.

మరునాటి ఉదయం పై వాటాలో జరిగినది మేడలో అందరూ విన్నదే గనుక వ్రాయడానికి సంకోచం లేదు.

ఆ వాటాకు స్నానాల గది ఒక్కటే. ఆ వేళకి ఆనవాలమ్మ తల్లి అందులో తలుపు గడియ వేసుకుని బట్టలు ఉతుకుతున్నది. ఆ గది కిటికీ పక్కింటి బాల్కనీ వైపు ఉంటుంది. బాల్కనీలో కుట్టుపని చేసే ఆవిడ నిలబడి పలకరించింది. తలుపు ఇవతల అల్లుడు, భుజాన తువ్వాలుతో, డ్యూటీ వేళ మించిపోతూ.

"అత్తయ్యగారూ, బస్సు నాకోసం ఆగదండీ."

"అయిపోయింది అల్లుడుగారూ, జాడించడమే మిగిలింది."

జాడించే చప్పుడు మొదలయింది. వెంటనే కిటికీలోంచి, "పిన్నిగారూ, మొన్న మీరిచ్చిన గుడ్డ చాల్లేదండీ, చేతులు పొట్టివైపోతాయి" అన్న మాట వచ్చింది. జాడించడం ఆగింది. "అయ్యో, పొట్టివైతే ఎలాగమ్మా?" అంటూ అటు కబుర్లు సాగాయి. అత్తగారి తలుపు కొట్టడానికి మొహమాటపడి అల్లుడు తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ నిలబడ్డాడు.

ఎట్టకేలకు గడియ తీశారు. అల్లుడు లోపలికి దూరి, రెండు చెంబుల నీళ్ళు పోసుకుని, కాకిస్నానం కానిచ్చి బయటపడ్డాడు. సగం జడ అల్లుకున్న ఆనవాలమ్మ, ముందురోజు చికాకంతా అతడి మీద దింపింది.

"ఇంత ఆలస్యం ఏమిటండీ? మళ్ళీ డిపోలో తిట్లు తినొచ్చి నా మీద పడతారు!"

"ఆలస్యం నేను చేశానా?" అన్నాడతడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ. "నేను లోపల ఎంతసేపున్నానో గడియారం పెట్టి చూసుకో. నా ఆలస్యమంతా తలుపు బయట జరిగింది తల్లీ! లోపలికెళ్ళాక లెక్క మొదలెడితే నీకేం దొరుకుతుంది?"

ఆమె చేతిలోని జడ అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, నువ్వెందుకు ఆలస్యం చేశావు?"

"నేనెక్కడ చేశానే? పలకరిస్తే పలకొద్దా?"

"మరి ఆవిడ?"

"ఆవిడకీ మన బాత్‌రూమ్‌కీ సంబంధమేముంది? తన బాల్కనీలో తను నిలబడింది!"

ఆనవాలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నది. "తిట్లు నాకూ, నవ్వులు నీకూనా?" అని గొణుగుతూ భర్త మెట్లు దిగాడు. అతడి వెనకనే, సగం జడతోనే, ఆమె కూడా దిగింది.

ఆమె చేసిన తప్పు ఆమెకు దొరికింది. గుర్తులు పెట్టడం బాగానే పెట్టింది గాని, ప్రతి గుర్తునూ గడప లోపల పెట్టింది. తాళంచెవి చేతికి వచ్చాక పని ఎంతసేపు చేసిందో ఆ గుర్తులు చెప్పాయి. చెవి కోసం బయట ఎంతసేపు నిలబడిందో చెప్పలేదు. నిలబడినంతసేపూ ఆ పని లోకం దృష్టిలో లేనట్టే.

ఆ పూటే గుర్తులను జరిపింది. గడప దగ్గరికి రాగానే ఒకటి, చెవి చేతికి అందగానే ఒకటి, చెవి తిరిగి ఇచ్చినప్పుడు ఒకటి. వీటికి తోడు, పెత్తందారు ఒకరి వంతు ఆపి మరొకరికి ఇచ్చే చోట ఇంకొకటి. మధ్యాహ్నం భోజనాలయ్యాక గీత ఆగింది. ఆమె గుర్తులను తెర మీదికి తెచ్చి, పై నుంచి కిందికి, పత్రం చదివినట్టు బిగ్గరగా చదివింది. అందరూ కుర్చీలు లాక్కుని వచ్చారు.

అందరికంటే తొందర ఉన్నది గుండె సంకేతం అందుకునే పనికి. అది గడప దగ్గరికి వచ్చి నిలబడింది. చెవి ఎవరి చేతిలో ఉన్నది? జరిగినదంతా భద్రపరిచే పని చేతిలో. దానికి ఏ తొందరా లేదు, అయినా ఇట్టే ముగించి చెవి ఇచ్చేయగలదు. కాని దాన్ని ముగించనిస్తేగా? ఈ గదితో ఏ సంబంధమూ లేని మరికొన్ని పనులు, దానికంటే కాస్త ఎక్కువ తొందర ఉన్నవి, నడుమ నడుమ దాని వంతు లాగేసుకుంటున్నాయి. పెత్తందారు నియమం ప్రకారమే ఇచ్చాడు. ఎవరూ తప్పు చేయలేదు. గుండె సంకేతం మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని తలుపు బయట నిలబడిపోయింది.

"మరి నా తెర?" అన్నాడు రంగులాయన.

"సంకేతం వస్తే గీద్దామని కుంచె పట్టుకుని కూర్చుంది తమ్ముడూ. పాపం, అంతకంటే ఏం చెయ్యలేదు."

అతడు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, తుడవనవసరం లేకపోయినా తుడిచాడు.

"మరి సందేశాలు పెడితే ఎందుకు పోయింది?" అని కత్తెరాయన అడిగాడు. తెలిసే అడిగాడని అందరికీ తెలుసు. ఆమె నోటితో చెప్పించడానికి అడిగాడు.

"ఆ నడుమ పనులు కూడా సన్నతీగ దగ్గర వరసలో చిక్కుకుపోయాయి అన్నగారూ. అటు కబుర్లు ఆగాయి, ఇటు జాడించడం అయిపోయింది."

"ఏమిటి, జాడించడమా?"

ఉదయపు కథంతా ఆమె చెప్పింది. హాలు హాలంతా గొల్లుమన్నది. ఆ రోజు నుంచి ఆ దోషానికి అక్కడ స్థిరపడిన పేరు 'అత్తగారి కబుర్లు'. పరీక్ష నివేదికలో కూడా ఎవరో అలాగే వ్రాయగా, సాఫు వ్రాసేటప్పుడు ఈ గుమాస్తా దాన్ని సవరించవలసి వచ్చింది.

మందు కత్తెరాయనే వ్రాశాడు. గడప బయట తొందరపడేవారు నిలబడితే, వారి తొందర లోపల చెవి పట్టుకున్నవారికి తాత్కాలికంగా సంక్రమిస్తుంది. అప్పుడు నడుమవారెవరూ వారిని ఆపలేరు. లోపలి పని ముగించి చెవి ఇవ్వగానే ఆ తొందర తొలగిపోతుంది. ఆ ఏర్పాటు పెట్టిన తరువాత ఎన్ని వారాలు నడిపినా గీత ఆగలేదు. ఈసారి ఎందుకు ఆగడం లేదో ఎవరిని అడిగినా చెప్పగలరు. గుర్తులు చూపించి మరీ చెప్పగలరు.

పెద్ద నర్సుకు ఆనవాలమ్మే స్వయంగా ఫోను చేసి, యంత్రాల భాష పక్కన పెట్టి, వార్డు భాషలో వివరించింది. అటువైపు ఆవిడ అంతా విన్నది. తరువాత, "సారీ చెప్పేవాళ్ళని ఇన్నాళ్ళూ చూశానమ్మా. ఎందుకో చెప్పిన మనిషిని ఇవాళ చూస్తున్నా. పంపించండి, పెట్టుకుంటాం" అని జవాబు వచ్చింది. ఫోను పెట్టేశాక ఆమె లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నీళ్ళు తాగడానికని వరండాలోకి నడిచింది. ఆ నడక చూసినవారికి ఇంకే ప్రశంసాపత్రమూ అక్కరలేదు.

ఇంటి వద్ద ఆ ఘనత వేరే రూపం దాల్చింది. తల్లి కిటికీలోంచి కుట్టుపని ఆవిడకు చెప్పడం కింది వాటా దాకా వినిపించింది.

"మా అమ్మాయి ఏం కనిపెట్టిందో తెలుసా? నువ్వూ నేనూ కబుర్లు చెప్పుకుంటే అల్లుడికి ఆలస్యమవుతుందని!"

"దానికంత చదువెందుకు పిన్నిగారూ? నన్నడిగితే నేనే చెప్పేదాన్నిగా!"

ఇక కత్తెర వంతు. మాట ఇచ్చిన ప్రకారం ఆయన వచ్చాడు. ఆమె బల్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని, "దొంగ దొరికాడు. ఒప్పందం గుర్తుందా?" అన్నాడు.

"ఉంది. తీసెయ్యండి. తీసే ముందు వాటి బరువు ఒక్కసారి తూచి చూడండి అన్నగారూ, నా మాట మీద ఏదీ నమ్మొద్దు."

తూచారు. గుర్తులు నిద్రపోతుండగా యంత్రాన్ని నడిపారు, అసలు లేకుండా నడిపారు. ఆ రెండింటికీ తేడా, యంత్రం తనంత తాను ఒక పూటకూ ఇంకో పూటకూ చూపే తేడాలోనే కలిసిపోయింది. కత్తెరాయన మూడుసార్లు మళ్ళీ తూయించాడు. తరువాత ఒక్కొక్క గుర్తునూ వేలితో చూపించి విచారణ మొదలుపెట్టాడు.

"ఇదెందుకు? దీని పక్కది కూడా ఇదే కదా చెప్తోంది?"

"అవును. తీసెయ్యండి."

"ఇది?"

ఆమె కొంచెం తటపటాయించింది. "అది... భయంకొద్దీ పెట్టాను అన్నగారూ."

"భయాన్ని గుండెల్లో పెట్టుకో. కెర్నెల్‌లో పెట్టకు."

కత్తెర అలా ఆడుతూ పోయింది. ఆమె పెట్టినవాటిలో సగానికి పైగా రాలిపోయాయి. తన పంట కోతకు వచ్చినట్టు ఆమె కళ్ళప్పగించి చూసింది గాని, ఒక్కదానికీ అడ్డుపడలేదు. గడప దగ్గరివి, చెవి దగ్గరివి, వంతు మారే చోటిది వచ్చేసరికి ఆయన చేయి ఆగింది.

"వీటిని నేను కొయ్యను."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకున్నది.

"సంబరపడకు. ఒక్క షరతు. గుర్తు పెట్టడం ఒకరోజు పని, దాన్ని కాయడం ఏళ్ళ పని. రేపు ఎవరో గడప జరుపుతారు. గుర్తు పాత చోటే ఉండిపోతే అది అబద్ధం చెప్తుంది. అబద్ధం చెప్పే గుర్తు కంటే గుర్తు లేకపోవడం మేలు. వాటి పేరు మారకూడదు, అర్థం మారకూడదు. పదేళ్ళ తర్వాత వచ్చినవాడు కూడా చదువుకోగలగాలి. ఎవరు కాస్తారు?"

"నేను కాస్తాను."

"నోటిమాట చాలదు. పై వాళ్ళు కాగితం మీద నీకు అప్పగించాలి. వాళ్ళు వద్దంటే నేనేం చెయ్యలేను. ఆసుపత్రి యంత్రంలో వెతుకులాట సామానెందుకని ఇప్పటికే ఒక మాట వచ్చింది." కుర్చీలోంచి లేస్తూ, ఆయన ఎన్నడూ అనని మాట ఒకటి అన్నాడు. "అడుగుతూనే ఉన్నావు చూడూ, అది మంచి పని చేశావమ్మా."

ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గుమాస్తాకు చెప్పినవాడు కత్తెరాయనే.

ఏలికలైన పాలకవర్గం వారికి సవినయంగా చేసుకొను మనవి యేమనగా: పైన ఉదహరించిన వ్యక్తి పనిలో నిక్కచ్చి, మాటలో సౌమ్యురాలు, తన పొరపాటును తానే పట్టుకుని తానే దిద్దుకోగల మనిషి. ఇతరుల కత్తెరకు తన పనిని వెరవకుండా ఒప్పగించి, మిగిలినదాన్ని చూసి గర్వపడగల మనిషి. కావున, కెర్నెల్ విభాగపు పెద్ద పరీక్షించి మిగిల్చిన ట్రేస్ పాయింట్లను రాబోవు విడుదలలోనూ, ఆపై వచ్చు అన్ని విడుదలలలోనూ యథాతథంగా నిలుపవలసిందిగానూ, వాటి సంరక్షణ బాధ్యతను ఆమె పేరిట లిఖితపూర్వకంగా అప్పగించవలసిందిగానూ, వాటి సమీపంలో ఎవరు ఏ మార్పు తలపెట్టినా ముందుగా ఆమె సమ్మతి పొందవలెనని ఉత్తర్వులు జారీ చేయవలసిందిగానూ ప్రార్థన. విభాగపు పెద్దయు, తెర భాగపు బాధ్యులును ఈ మనవితో ఏకీభవించి, దిగువన తమ సంతకాలు ఉంచియున్నారు.

చిత్తగించవలెను.